రెండొందల డోయిలీలు, ఒక స్కాట్స్ నిఘంటువు

నేను రివ్యూ రాయబోయేది పైసా కట్టక్కర్లేని ఒక వెబ్‌సైటుకీ, డబ్బు కట్టి చేతులు కాల్చుకున్న ఒక పుస్తకానికీ. రెండూ నిఘంటువులే. నర్సాపురంలో కూర్చున్నదానికి స్కాట్లాండ్ యాసతో ఏం పని అని మీరు అడిగేలోపే ఆ సంగతి చెప్పేస్తాను.

లేసు ఎగుమతి చేసే ఒక ఆఫీసులో ఉత్తరాలు చూడ్డం నా ఉద్యోగం. ఉత్తరాలంటే ఇప్పుడు మెయిళ్ళూ వాట్సాపులూ అనుకోండి. చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు వంటపని అయ్యాక అరుగుల మీద కూర్చుని చేతిపని చేస్తారు. దారం తూచి ఇస్తాం, లేసు తూచి తీసుకుంటాం. ముక్కలుగా వచ్చినదాన్ని అతుకుపనివాళ్ళు కలిపితే టేబుల్ క్లాత్ అవుతుంది, పళ్ళేల కింద పరిచే చిన్న డోయిలీ అవుతుంది, పెట్టెల్లోకెక్కి దేశాలు దాటుతుంది. ఈ పని మా ఊరికి నేర్పింది 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన దంపతులని ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. అందుకే స్కాట్లాండ్ నుంచి ఆర్డరొస్తే మా ఓనరుగారు “పుట్టింటి నుంచి సారె వచ్చిందమ్మా” అంటారు.

ఆ పుట్టింట్లో మాకో కస్టమరు ఉన్నారు. ఇంగ్లండ్ సరిహద్దు దగ్గర చిన్న ఊళ్ళో చిన్న కొట్టు నడుపుతారు. అరవై దాటిన మనిషి. మాట మెత్తన, డబ్బు నికరం. రెండేళ్ళ కిందట ఆగస్టులో ఆవిడ మెయిల్ పెట్టారు: “ఐ డౌట్ వుయ్ విల్ నీడ్ అనదర్ టూ హండ్రెడ్ బిఫోర్ క్రిస్మస్.”

నేను బీయే ఇంగ్లిష్ లిటరేచరు. డౌట్ అంటే సందేహం. క్రిస్మస్ లోపు ఇంకో రెండొందల డోయిలీలు అవసరం పడకపోవచ్చు అంటున్నారని ఓనరుగారికి చెప్పాను. ఆయన దారం ఇవ్వడం ఆపించారు. మొగల్తూరు వైపు ఆ డిజైనుకే కూర్చున్నవాళ్ళు పదిమంది ఉంటే, వేరే పని చూసుకోండమ్మా అని కబురు చేశాం. నవంబరు మొదటివారంలో ఆవిడ నుంచి ఇంకో మెయిల్. మర్యాదగానే ఉంది. ఆ రెండొందలూ ఓడెక్కాయా, విమానమెక్కాయా అని అడిగారు.

ఆ పూట ఆఫీసులో నా పరిస్థితి రాయను. ఆవిడ ఆగస్టులో రాసినదానికి అర్థం “ఇంకో రెండొందలు కావాల్సొచ్చేట్టే ఉంది” అని. స్కాట్లాండ్‌లో “ఐ డౌట్” అంటే అలా జరగదని కాదు, జరుగుతుందనే నా అనుమానం అని. పదిమందినీ మళ్ళీ బతిమాలి, రాత్రుళ్ళు కూర్చోబెట్టి, నూట నలభై దాకా పంపగలిగాం. మిగతా అరవై మా లెక్కలో నష్టం.

తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే నాకు ఇంకా సిగ్గేసింది. తెలుగులో మనం రోజూ అనేది అదే కదండీ! “వాన పడుతుందని నా అనుమానం” అంటే గొడుగు తీసుకెళ్ళమని అర్థం. “వాడు డబ్బు ఎగ్గొడతాడని నా అనుమానం” అంటే ఎగ్గొడతాడనే. ఆవిడ వాక్యాన్ని మా అమ్మకి మాటకి మాట తెలుగులో చెప్పి ఉంటే, చదువుకోని మా అమ్మ “అయితే రెండొందలు అల్లించండి మరి” అనేది. బడిలో నేర్చుకున్న ఇంగ్లిష్ నన్ను ముంచింది, ఇంట్లో ఉన్న తెలుగుని నేను అడగలేదు.

ఓనరుగారి అబ్బాయి హైదరాబాదు నుంచి ఒక లింకు పంపాడు. డిక్షనరీస్ ఆఫ్ ది స్కాట్స్ లాంగ్వేజ్ అని, అడ్రసు డీఎస్ఎల్ డాట్ ఏసీ డాట్ యూకే. రెండేళ్ళుగా నా ఫోనులో ఆ పేజీ మూసింది లేదు.

ముందు ఒక తికమక తీర్చాలి. స్కాట్స్ వేరు, గేలిక్ వేరు. గేలిక్ ఐర్లాండ్ భాషకి చెల్లెలు. స్కాట్స్ ఇంగ్లిష్‌కి అక్కో చెల్లెలో. ఒకప్పుడు నార్తంబ్రియా అనే రాజ్యం ఇంగ్లండ్ ఉత్తరభాగం నుంచి ఇప్పటి ఎడిన్‌బరా దాకా ఉండేది. అక్కడి పాత ఇంగ్లిష్‌లో నుంచే ఇటు స్కాట్స్, అటు యార్క్‌షైరు, న్యూకాజిల్ యాసలు వచ్చాయి. మధ్యలో సరిహద్దు గీత తర్వాత పడింది. అందుకే బిడ్డని అటూ ఇటూ కూడా బెయిర్న్ అంటారు. 2011 జనాభా లెక్కల్లో 15 లక్షలమందికి పైగా తమకి స్కాట్స్ మాట్లాడటం వచ్చని రాయించుకున్నారు. అది “చెడగొట్టిన ఇంగ్లిష్” అనుకునేవాళ్ళు అక్కడా ఉన్నారట. మన యాసని సినిమాల్లో కామెడీకి వాడుకున్నట్టే.

సైటులో నిజానికి రెండు పెద్ద నిఘంటువులున్నాయి. 12వ శతాబ్దం నుంచి 1700 దాకా దొరికిన మాటలు ఒకదాంట్లో. అది 12 సంపుటాలు. డండీలో పుట్టిన విలియమ్ క్రేగీ మొదలుపెట్టారు, 2002లో పూర్తయింది. 1700 తర్వాతి మాటలు రెండోదాంట్లో, 10 సంపుటాలు, 1931 నుంచి 1976 దాకా అచ్చయ్యాయి. మొదలుపెట్టిన సంపాదకుడు విలియమ్ గ్రాంట్, పూర్తి చేసినవాడు డేవిడ్ మురిసన్. మొత్తం 22 సంపుటాలు 2004లో ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. లాగిన్ లేదు, ఓటీపీ లేదు, “ప్రీమియం తీసుకోండి” అన్న సతాయింపు లేదు.

వాడకం ఎలా ఉంటుందంటే, “డౌట్” అని కొట్టండి. ముందు ఆ మాటకున్న రకరకాల స్పెల్లింగులు వస్తాయి. స్కాట్స్‌కి ఒకే స్పెల్లింగు అంటూ స్థిరపడలేదు, ఎవరి నోటికొచ్చినట్టు వాళ్ళు రాశారు. తర్వాత అర్థాలు. ఒక్కో అర్థం కింద ఆ మాట వాడిన వాక్యాలు వరసగా, పక్కన సంవత్సరం, పక్కన ఏ జిల్లా అనేది పొట్టి అక్షరాల్లో. అబర్డీన్‌షైరుకి ఒక గుర్తు, ఎయిర్‌షైరుకి ఒకటి, బాన్‌ఫ్‌కి ఒకటి. చిట్టచివర మాట పుట్టుక. అర్థం చెప్పి ఊరుకోదు, సాక్షుల్ని పిలుస్తుంది. ఫలానా ఊరివాడు ఫలానా ఏడు ఇలా అన్నాడు, చదువుకోండి అంటుంది. డౌట్ అనేది ఫ్రెంచి నుంచి వచ్చిన మాటట, పాత ఫ్రెంచిలో దానికి భయపడటం అనే అర్థం ఉంది. “అలా అవుతుందేమోనని భయంగా ఉంది” అన్నదే స్కాట్లాండ్‌లో నిలిచింది. అంటే ఆవిడది తప్పు ఇంగ్లిష్ కాదు, నాది కొత్త ఇంగ్లిష్.

ఆ తర్వాత ఆవిడ పాత మెయిళ్ళన్నీ తీసి మళ్ళీ చదివాను. “ఔట్‌విత్” అని ఉన్నచోటల్లా వితౌట్‌ని తిప్పి కొట్టారనుకుని ఊరుకున్నాను. కాదు, ఔట్‌విత్ అంటే దాటి, బయట. 30 సెంటీమీటర్లకి ఔట్‌విత్ ఉన్నవి వద్దు అంటే ఆ కొలత దాటినవి వద్దని. “మెసేజెస్ తెచ్చుకోవడానికి వెళ్తున్నా” అంటే ఫోను చూసుకోవడానికి కాదు, కొట్టుకెళ్ళి సరుకులు తెచ్చుకోవడానికి. “నా పీస్ తిని మీ పీసులు చూస్తాను” అని ఒకసారి రాస్తే, నేనూ ప్యాకింగ్ అమ్మాయీ పావుగంట తల పట్టుకున్నాం. మొదటి పీసు మధ్యాహ్నం తినే రొట్టెముక్క. రెండో పీసు మా లేసు. “బ్యాక్ ఆఫ్ నైన్‌కి ఫోన్ చెయ్యండి” అంటే తొమ్మిదికి ముందా వెనకా? తొమ్మిది దాటిన కాసేపటికి. మన తొమ్మిదిన్నర లోపన్నమాట. వాళ్ళ తొమ్మిది శీతాకాలంలో మనకి మధ్యాహ్నం రెండున్నర. ఆ లెక్కొకటి.

ఇక్కడిదాకా అయితే ఇది ఆఫీసు పనిముట్టు. నన్ను అంటుకుపోయేలా చేసింది మాత్రం వేరే.

ఒకరోజు ఊరికే కూర్చుని “గ్లామర్” అని కొట్టాను. మన సినిమా పత్రికల్లో ఈ మాట లేని పేజీ ఉండదు. అది పుట్టింది స్కాట్లాండ్‌లో! తల్లి ఎవరో తెలుసా? గ్రామర్. వ్యాకరణం. పూర్వం గ్రామర్ అంటే లాటిన్ చదువు. చదువుకున్నవాడి దగ్గర మంత్రాలు కూడా ఉంటాయని పల్లెల్లో జనం నమ్మేవారు. నోట్లో పడి ‘ర’ కాస్తా ‘ల’ అయింది, గ్లామర్ అంటే కళ్ళకి గంతలు కట్టే మంత్రమైంది. లేనిది ఉన్నట్టు, ఉన్నది లేనట్టు చూపించడం. మన కనికట్టు ఉంది చూశారా, అచ్చం అదే. కవీ నవలాకారుడూ అయిన వాల్టర్ స్కాట్ తన రాతల్లో వాడాక ఇంగ్లిష్‌లోకి పాకింది, అక్కణ్ణుంచి హాలీవుడ్‌కి, అక్కణ్ణుంచి మన ఫిల్మ్‌నగర్‌కి. ఏ హీరోయిన్‌నైనా “గ్లామరస్‌గా ఉంది” అన్నప్పుడల్లా ఆవిణ్ణి వ్యాకరణబద్ధంగా ఉందంటున్నామన్నమాట. మా తెలుగు మాస్టారు వింటే ఎంత సంబరపడేవారో.

“రైడ్” చూడండి. ఇన్‌కమ్‌ట్యాక్సు రైడ్, పేకాట మీద రైడ్. ఇదీ స్కాట్స్ మాటే. పాత ఇంగ్లిష్‌లో గుర్రం మీద సవారీకి ఒక మాట ఉండేది. దక్షిణాదిలో అది రోడ్ అయింది, ఉత్తరాదిలో రైడ్ అయింది. ఒకే గర్భాన పుట్టిన కవలలు. ఒకరు దారిగా స్థిరపడ్డారు, ఒకరు దాడికి పోయారు. దీన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చింది కూడా ఆ స్కాట్ మహాశయుడే.

అన్నింటికంటే రుచైనది “బ్లాక్‌మెయిల్.” పోస్టుకీ దీనికీ సంబంధం లేదు. మెయిల్ అంటే స్కాట్స్‌లో శిస్తు, కౌలు. 16వ శతాబ్దంలో ఇంగ్లండ్‌కీ స్కాట్లాండ్‌కీ మధ్య సరిహద్దులో రీవర్స్ అని పశువుల దొంగలుండేవారు. రాత్రిపూట గుర్రాల మీదొచ్చి మందలు తోలుకుపోయేవారు. అలా తోలుకుపోకుండా ఉండాలంటే రైతు వాళ్ళకి ఏటా ఇంతని కట్టాలి. రాజుకి కట్టే శిస్తు ఒకటి, దొంగకి కట్టే ఈ నల్ల శిస్తు ఒకటి. 1601లో ఇంగ్లండ్ పార్లమెంటు దీని మీద చట్టమే చేసింది, కంబర్‌లాండ్, నార్తంబర్‌లాండ్, వెస్ట్‌మోర్‌లాండ్, డర్హమ్ కౌంటీల కోసం. మా కస్టమరుది సరిగ్గా ఆ సరిహద్దే కదా అని ఈ ముచ్చట రాశాను. “అవును, మా ముత్తాతల వృత్తి అదే, మీ ధరలు పెంచేముందు ఆలోచించుకోండి” అని జవాబిచ్చారు. ఎటకారం మా గోదారోళ్ళకే సొంతం అనుకునేదాన్ని.

స్లోగన్ కూడా ఆ దేశానిదే, కానీ గేలిక్ నుంచి: సైన్యం వేసే కేక అని అర్థం. విస్కీ అంటే జీవజలం. ఇది మా ఆఫీసులో డ్రైవరుకి చెప్పాను, చెప్పకుండా ఉండాల్సింది.

ఆ భాషలోకి ఎవరెవరు వచ్చి ఏమేం వదిలిపోయారో కూడా ఈ సైటులో కనిపిస్తుంది. ఇంగ్లండ్‌ని ఎదుర్కోవడానికి 1295లో ఫ్రాన్స్‌తో పొత్తు కుదిరింది. ఆ పొత్తు నాటి స్నేహంతో ఫ్రెంచి మాటలు వంటింటిదాకా వచ్చాయి. మాంసం వడ్డించే పెద్ద పళ్ళేన్ని ఆషెట్ అంటారు, ఫ్రెంచి అసియెట్. కంగారు పడకు అనడానికి “డోంట్ ఫాష్” అంటారు, అదీ ఫ్రెంచే. చిటికెనవేలిని పింకీ అనడం, టీతో తినే స్కోన్ డచ్చివాళ్ళ వల్ల. డచ్చివాళ్ళు మా పక్కనున్న పాలకొల్లుకీ 17వ శతాబ్దంలోనే వచ్చారు, బట్టల వ్యాపారం చేశారు, వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. స్కోన్లు మాత్రం వదిలి వెళ్ళలేదు. బొబ్బట్లు ఉన్నాయి కదా అనుకున్నారేమో.

ఇక్కడ “ఆయ్” సంగతి చెప్పి తీరాలి. మొదటి వీడియో కాల్‌లో ఓనరుగారు పక్కన కూర్చున్నారు. నేను ధర చెప్పాను. అటునుంచి ఆవిడ తలూపుతూ “ఆయ్” అన్నారు. గడువు చెప్పాను, “ఆయ్” అన్నారు. ఓనరుగారు కుర్చీలోంచి లేచిపోయి, “ఈవిడ మన సఖినేటిపల్లి వైపు మనిషండీ బాబూ, పంటు దిగి అటే వెళ్ళిపోయినట్టున్నారు” అన్నారు. అవును అనడానికి స్కాట్లాండ్, ఉత్తర ఇంగ్లండ్ మొత్తం “ఆయ్” అంటుంది. ఈ ముక్క వాట్సాప్‌లో పెడితే, ఇంగ్లిష్‌వాళ్ళు గోదావరి నుంచి ఎత్తుకుపోయారని రెండు రోజుల్లో ఫార్వర్డ్ తయారవుతుంది. దయచేసి పెట్టకండి. వాళ్ళ ఆయ్ 16వ శతాబ్దం చివర నుంచే కాగితాల మీద ఉంది, అప్పట్లో నేను అనే ‘ఐ’ అక్షరంతో రాసేవారు. మన ఆయ్ మనది, వాళ్ళ ఆయ్ వాళ్ళది. వినడానికి బావుంది, అంతే.

ఇంక డబ్బు పోయిన సంగతి. పోయినేడు యార్క్‌షైరు నుంచి ఒక కొత్త కస్టమరు తగిలాడు. కుర్రాడు. “మా కొట్టు నైన్ వైల్ ఫైవ్ తెరిచి ఉంటుంది” అని రాశాడు. వైల్ అంటే అక్కడ ‘దాకా’ అని. నవ్‌ట్ అంటే ఏమీ లేదు, ఔట్ అంటే ఏదైనా. ఈ మాటల పుట్టుక స్కాట్స్ సైటులో కొంతవరకే దొరుకుతుంది, అది వాళ్ళ హద్దు. ఉత్తర ఇంగ్లండ్‌కి అసలైన పుస్తకం జోసెఫ్ రైట్ చేసిన ఇంగ్లిష్ డయలెక్ట్ డిక్షనరీ. ఆరు సంపుటాలు, 1898 నుంచి 1905 దాకా వచ్చాయి, 70,000 మాటల దాకా ఉంటాయి. చేతిలో పట్టుకుని చదవాలని నాకు యావ. ఆన్‌లైన్‌లో పాత పుస్తకాలకి మళ్ళీ ప్రింట్ వేసి అమ్మే ఒకాయన దగ్గర హెచ్ నుంచి ఎల్ దాకా ఉండే మూడో సంపుటం ఆర్డరు పెట్టాను, 1,900 రూపాయలు. మూడు వారాలకి వచ్చింది ఒకటో సంపుటం, ఏ నుంచి సీ దాకా. అక్షరాలు చీమల పుట్టలా ఉన్నాయి. చాలా పేజీల్లో కుడివైపు అంచు కోసేశారు, ప్రతి వాక్యం చివర రెండు మాటలు గాల్లో. అట్ట మీద బొమ్మ ఏమిటనుకున్నారు? ఈఫిల్ టవర్! వెనక్కి పంపుతానంటే “ఆర్డరు మీద ప్రింట్ చేసినవి తిరిగి తీసుకోబడవు” అని జవాబు. ఆ కర్మణి ప్రయోగం చూడగానే డబ్బు రాదని అర్థమైంది.

తర్వాత తెలిసిందేమిటంటే, ఆ ఆరు సంపుటాల స్కాన్లూ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితం. ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్ యూనివర్సిటీ వాళ్ళు వెతుక్కోవడానికి వీలుగా ఆన్‌లైన్‌లో పెట్టారు కూడా. కాబట్టి పుస్తకానికి నా రేటింగు ఒక చుక్క, అదీ రైట్‌గారి మీద గౌరవంతో.

ఆయన కథ తెలిస్తే మీకూ గౌరవం కలుగుతుంది. 1855లో బ్రాడ్‌ఫర్డ్ దగ్గర పుట్టాడు. ఆరేళ్ళకే రాళ్ళ క్వారీలో గాడిదబండి తోలే పనికి వెళ్ళాడు. తర్వాత సాల్టెయిర్‌లో ఉన్నిమిల్లు. నిండిన కండెలు తీసి ఖాళీ కండెలు పెట్టే పని, పిల్లల చేత చేయించేవారు. పదిహేనేళ్ళు వచ్చేదాకా చదవడం, రాయడం రాదు. ఫ్రాన్సుకీ ప్రష్యాకీ యుద్ధం జరుగుతుంటే మిల్లులో ఒకడు పేపరు చదివి వినిపించేవాడట, తనే చదువుకోవాలని అప్పుడు బుద్ధి పుట్టింది. రాత్రి బడి, తర్వాత జర్మనీలో హైడెల్‌బర్గ్, డాక్టరేటు, చివరికి ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసరు. “లార్డ్ ఆఫ్ ది రింగ్స్” రాసిన టోల్కీన్ ఆయన శిష్యుడే. మిల్లులో తన చుట్టూ జనం మాట్లాడిన మాటల్ని మొరటు మాటలని పారెయ్యకుండా సంపుటాలకెక్కించాడు. కండెలు మార్చిన చేతులు కదా, తెగిన పోగు విలువ తెలుసు.

మూడో సంపుటం ఎందుకు కావాలనుకున్నానంటే “లేక్” అనే మాట కోసం. యార్క్‌షైరులో లేక్ అంటే ఆడుకోవడం. 866లో వైకింగులు యార్కు పట్టుకున్నారు, ఆ తర్వాత అక్కడ కాపురాలు పెట్టి, పిల్లల్ని కని, వాళ్ళ మాటలు వదిలారు. వాగుని బెక్ అంటారు, వాళ్ళదే. యార్కులో వీధుల పేర్ల చివర గేట్ అని ఉంటే తలుపు కాదు, వీధి అని. మిక్కిల్‌గేట్ అంటే పెద్దవీధి. లేక్ కూడా వాళ్ళదే, వాళ్ళు మాట్లాడిన నార్స్ భాషలో లేకా. దానికి డేనిష్ చుట్టం లెగ్. “బాగా ఆడుకో” అన్న డేనిష్ మాటల్ని కుదిస్తే వచ్చిందే మన పిల్లలు కాళ్ళ కింద పడేసే లెగో.

పొరపాటున వచ్చిన ఒకటో సంపుటాన్ని పారెయ్యలేక అంచులు లేకుండానే చదివాను. ఆ చదువులో ఎక్కడో గొర్రెల లెక్క గుర్తొచ్చి సైట్ల మీద పడ్డాను. కంబ్రియా, యార్క్‌షైరు కొండల్లో గొర్రెల్నీ, అల్లికలో కుట్లనీ లెక్కపెట్టడానికి వేరే అంకెలున్నాయి: యాన్, టాన్, టెథెరా, మెథెరా, పింప్. పదికి డిక్. పదిహేనుకి బంఫిట్. పదహారుకి కొత్త మాట లేదు, “యాన్ ఎ బంఫిట్”, పదిహేను మీద ఒకటి. ఇరవైకి జిగిట్. ఊరికి ఊరికీ కాస్త మారుతుంది. వేల్స్ భాషలో అయిదు పింప్, పది డేగ్, పదహారంటే పదిహేను మీద ఒకటే. ఇంగ్లిష్ రాకముందు ఆ కొండల్లో మాట్లాడిన, వేల్స్ భాషకి చుట్టమైన భాష ఛాయ ఈ అంకెల్లో ఉందని కొందరంటారు.

అతుకుపని చేసే మా పిన్నికి ఇది చదివి వినిపించాను. ఆవిడ సూది ఆపకుండా, “అందులో వింతేముందే? మీ తాత కుంచంతో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనేవాడా?” అంది. నిజమే. కళ్ళంలో మొదటి కుంచం ఒకటి కాదు, లాభం. లాభం, రెండు, మూడు. మా అమ్మమ్మ ఏడు అనేది కాదు, ఏడుపు గుర్తొస్తుందని ఆరున్నొక్కటి అనేది. “మరి కుట్లు ఎలా లెక్కపెడతావు పిన్నీ?” అంటే, “లెక్కపెడితే తప్పుతాయి” అని నా మీదే కసురుకుంది.

ఈ అలవాటు పట్టుకున్నాక మన వైపు ఏముందా అని వెతక్కుండా ఉండలేం. ఆంధ్రభారతి సైటులో బ్రౌను నిఘంటువు మొదలుకొని చాలా నిఘంటువులు ఒకే చోట వెతకొచ్చు, అది నాకు రోజూ పనికొస్తుంది. పిఠాపురం మహారాజావారి పోషణలో తయారైన సూర్యరాయాంధ్ర నిఘంటువు మా గోదావరి జిల్లాల గొప్పే, కానీ దాని చూపు కావ్యాల మీద. కళ్ళంలో మాట, అరుగు మీద మాట దొరకాలంటే భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశం చూడాలి. వ్యవసాయం సంపుటం 1962లో వచ్చింది, చేనేతది 1971లో. ఊరూరా తిరిగి రైతుల్నీ నేతగాళ్ళనీ అడిగి రాసుకున్న మాటలు. ఏ మాట ఏ జిల్లాలో అంటారో ఉంటుంది, స్కాట్స్ సైటులో నాకు నచ్చిన సుగుణమే. స్కాట్లాండ్‌లో పొలాల మధ్య పశువులు నడిచే బాటని లోనింగ్ అంటారని చదివినప్పుడు నాకు మా పుంత కళ్ళముందు కనబడింది. నదిపక్క పల్లపు నేలని హా అంటారు, మా లంకభూములంత సారవంతమట. రెండు చోట్లా ట్రాక్టర్లొచ్చాక పుంత రోడ్డయిపోయింది.

చేతిపని మాటలు మాత్రం నేనే ఒక రూళ్ళ నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాను. మాట, ఎవరన్నారు, ఏ ఊరు, ఏ తారీకు. స్కాట్స్ సైటు పద్ధతే. ఇప్పటికి నలభై ఆరు వచ్చాయి.

సైటు ఎవరికి పనికొస్తుందంటారా? గ్లాస్గోలోనో అబర్డీన్‌లోనో కొడుకూ కోడలూ ఉన్న తల్లిదండ్రులకి, అక్కడ నర్సింగుకి వెళ్ళే అమ్మాయిలకి, నాలాగా వ్యాపారం చేసేవాళ్ళకి. పరీక్షలకి చదివే పిల్లలకి వద్దు, మార్కులు పోతాయి. ఉచ్చారణ గుర్తులు భాషాశాస్త్రం వాళ్ళకి తప్ప అర్థం కావు, వాటిని దాటేసి వాక్యాలు చదవండి. జిల్లాల పొట్టి అక్షరాల పట్టిక ఒకటి కాగితం మీద రాసి పెట్టుకుంటే హాయి. ఫోనులో కంటే కంప్యూటరులో నయం. ఒక మాట చూద్దామని వెళ్తే గంట పోతుంది, మధ్యాహ్నం అన్నం చల్లారిపోతుంది. నా రేటింగు అయిదుకి నాలుగున్నర. ఆ అర తగ్గించింది అన్నం కోసమే.

ఇది రాస్తుండగానే ఆవిడ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. బయట డ్రీఖ్‌గా ఉందట. అంటే ముసురుపట్టి ఎంతకీ తెమలని రోజు, శ్రావణంలో మనకుంటుందే అలాంటిది. కింద ఇంకో వాక్యం: “ఐ డౌట్ యువర్ పార్సిల్ ఈజ్ లాస్ట్.”

ఈసారి నిఘంటువు తెరవలేదు. కొరియర్ ఆఫీసుకి ఫోన్ చేశాను.